పెద్ద చేపలోని చేదుతిత్తి

మా పుట్టినూరు ఆదోనికి పడమర దిక్కు. తాగే నీళ్లకే బిందెలెత్తుకొని నడిచిపోయే ఊరు. అక్కడ చేప అంటే సంతకు వచ్చే ఎండుచేప, అంతే. అది కూడా మా అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని కొనేది. పచ్చిచేపను నేను చేత్తో పట్టుకున్నది పెళ్లయి అత్తగారింటికి వచ్చాకే.

కర్నూలు రాజధాని అయిన కొత్త అది. నన్ను బద్వేలు పక్కన ఒక పల్లెకు ఇచ్చారు. ఆ పల్లెకు పెద్ద చెరువుంది. మా మామ ఆ చెరువుకు నీరుగంటి. తూము తెరిచేదీ మూసేదీ ఆయనే. ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో ఆయన చెప్పిందే మాట. కట్ట మీద నిలబడి ఒక్క చూపు చూస్తే, చెరువులో ఉన్న నీళ్లు ఇంకా ఎన్ని తడులకు వస్తాయో చెప్పేస్తాడని ఊళ్లో పేరు.

నేను కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే ఇంటికి చేపలొచ్చాయి. మా అత్త గంప దించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, ఒక చేపను తీసి నా చేతిలో పెట్టింది. అది ఒక్కసారి తోక కొట్టింది. నేను కేకపెట్టి దాన్ని గడ్డివామి దాకా విసిరేశాను. ఇంట్లో ఉన్న కోళ్లన్నీ దాని వెనక పరుగెత్తాయి.

"ఏం పిల్లనిచ్చిరమ్మా నాకు!" అని అత్త నడుం పట్టుకొని నవ్వింది. "పో, పోయి తెచ్చుకో. బతికుండే చేప ఏం సేస్తాది మే నిన్ను? బయపడాల్సింది సచ్చినదానికి."

ఆ మాట నాకప్పుడు తలకెక్కలేదు. తర్వాత ఏడాది పొడుగునా ఆమె పక్కన కూర్చొని నేర్చుకున్నాను. నా చదువు రెండో తరగతితో ఆగిపోయింది గానీ, అత్త కత్తిపీట ముందర చెప్పిన మాట ఒక్కటి కూడా పోగొట్టుకోలేదు.

ఆమె పెన్న ఒడ్డున పుట్టిన మనిషి. చేపను చూడగానే వేలితో మొప్ప ఎత్తేది. లోపల ఎర్రగా, తడిగా ఉంటేనే అది గడప దాటాలి. ఒంటి మీద వేలితో నొక్కితే గుంట అట్లాగే నిలబడిపోయిందా, ఇక ఆ చేప పిల్లికి కూడా వద్దు. ఎండాకాలం పొద్దు నడినెత్తికి వచ్చాక ఎంత మంచి చేప తెచ్చినా వాకిట్లో నుంచే తిప్పి పంపేది. మడుగుల్లో మంగకాయలు దంచి కలిపి, ఆ మత్తుకు తేలిన చేపల్ని ఏరుకొచ్చేవాళ్లు అక్కడక్కడా ఉండేవాళ్లు. అట్లాంటి వాడొకడు ఒకరోజు మా వాకిట్లో గంప దించాడు.

"ఏమప్పా, ఇవి ఈదుతాంటే దొరికినాయా, నిద్దరబోతాంటే దొరికినాయా?" అంది అత్త.

"ఎట్ల దొరికితే ఏమక్కా, చేప చేపే గదా."

"అట్లయితే ముందు నువ్వు తిను. రేపు నీ కాళ్ల మీద నువ్వు నడిసొస్తే గంపెడూ నేనే తీసుకుంటా."

ఆ మనిషి మళ్లీ మా వీధి మొగం చూడలేదు.

అత్త చెప్పినవన్నీ నిజమని నేననను. చేపల కూర తిన్న పూట మజ్జిగ ముట్టనిచ్చేది కాదు, ఒంటి మీద తెల్లమచ్చలు లేస్తాయని. నేను దొంగతనంగా ఎన్నిసార్లు తాగానో. నాకు ఇంతవరకూ ఒక్క మచ్చ కూడా లేవలేదు. అయితే ఒక్క విషయంలో మాత్రం ఆమె నవ్వుతూ చెప్పింది ఎప్పుడూ లేదు. అది చేదుతిత్తి.

చేప పొట్ట కోస్తే లోపల కార్జానికి అంటుకొని ఆకుపచ్చని తిత్తి ఒకటి ఉంటుంది. చిన్న చేపలో చింతగింజంత, పెద్ద చేపలో ఉసిరికాయంత. లోపలంతా పసరు. అది పగిలితే కూర చేదెక్కుతుందని ఏ ఇంట్లోనైనా జాగ్రత్తగా తీసి పారేస్తారు. మా అత్త అంతటితో ఆపేది కాదు. దాన్ని బూడిదలో పొర్లించి, పెరట్లో గుంత తీసి, కుక్క గూడా తవ్వలేనంత లోతుకు పూడ్చి, మీద రాయి పెట్టి, అప్పుడు చేతులు కడుక్కొనేది.

"ఇంత యవ్వారం ఎందుకత్తా? పారేస్తే పోదా?" అన్నాను ఒకసారి.

అత్త చేతిలో చేప పొలుసు గీకడం అయిపోయాక చెప్పింది.

"మా అన్న మింగినాడు మే దాన్ని. కడుపులో మంటకు మంచి మందని ఎవురో సెప్పినారు. బెల్లం ముక్కలో పెట్టుకొని గుటుక్కున మింగినాడు. ఆ పూటే వాంతులు పట్టుకునె. వాంతులు తగ్గినాయి, ఇంగేం బయం లేదనుకున్యాము. ఉచ్చ బిగిసిపాయ. మొగమంతా ఉబ్బిపాయ. ఆరు దినాలు. అంతే." చేపను కత్తిపీట మీద పెట్టి, "వండితే గూడా పోదంట దాని గుణం. అందుకే ఈ ఇంట్లో అది మనిషి కంటికి ఆనకుండా పోవాల," అంది.

ఆ రోజు నుంచి తిత్తి తీయడం నా పని అయింది. నా చేతివేళ్లు సన్నం. కార్జాన్ని ఎడమ చేత్తో పైకెత్తి, గోరు తగలకుండా వేలి కొనతో నరం తెంపితే, తిత్తి తిత్తిగా అరచేతిలోకి వచ్చేసేది. ఏడాదిలో ఒక్కటి కూడా పగలగొట్టలేదు. అత్త ఈ సంగతి ఇరుగమ్మలకూ పొరుగమ్మలకూ చెప్పుకొనేది.

ఇక్కడ మా మామ గురించి, మా మేక గురించి చెప్పాలి. మా ఇళ్లల్లో అప్పట్లో కోడలు మామతో మాట్లాడకూడదు. మామ కూడా కోడలిని నేరుగా పిలవకూడదు. మరి ఇంట్లో ఇద్దరమే ఉన్నప్పుడు ఎట్లా? వసారా గుంజకు కట్టేసిన మేక ఉండేది, దాంతో మాట్లాడేవాళ్లం. "మేకమ్మా, నేను కట్ట మీదికి పోతాండా, కొడుకొస్తే సెప్పు" అనేవాడు మామ. నేను కొంగు సవరించుకొని, "ఓ మేకా, సంగటి అయింది, తినిపొమ్మని సెప్పు" అనేదాన్ని. మేక ఇద్దరి వంకా చూసి నెమరేసేది. మేము ఏడాదిలో ఆ మేకతో ఆడిన మాటలు మనుషులతో ఆడి ఉండము.

ఆ మేక వల్లనే నాకు ఒక సంగతి తెలిసింది. ఒకరోజు మామ వాకిట్లోకి వచ్చి, "మేకమ్మా, ఆ వచ్చే మనిషి ఎవరు?" అన్నాడు. వచ్చేది ఆయన కొడుకే, నా మొగుడు. పదడుగుల దూరంలో ఉన్నాడు. ఆ తర్వాత గమనించాను. చెంబు అందుకోబోయి పక్కన తడిమేవాడు. తూము రాతి మీద నీటిమట్టానికి గీతలుంటాయి. వాటిని చూపుతో కాకుండా వేళ్లతో లెక్కపెడుతున్నాడు.

అత్తకు ముందే తెలుసు. నా మొగుడికీ తెలుసు. ఇంటి గడప దాటి ఎవరికీ తెలియనివ్వలేదు. నీరుగంటికి చూపు మందగించిందంటే తూము ఇంకొకరి చేతికి పోతుంది. అది పోతే మా మామ మా మామ కాదు. కంటికి పొర వచ్చిందేమో, దొరసాని నడిపే మిషను ఆసుపత్రికి పోదాం పా అని అత్త ఎన్నిసార్లు పోరినా, "పోతే ఊరికంతా తెలుస్తాది" అని ఆయన కదల్లేదు.

అట్లాంటి సమయంలో నందికొట్కూరు నుంచి మామ చెల్లెలి మొగుడు వచ్చాడు. కాలువ పక్కన ఊరు వాళ్లది. ప్రపంచంలో ఉన్న రోగాలన్నింటికీ ఆయన దగ్గర మందుండేది. మామ ఆయన దగ్గర దాచుకోలేక కండ్ల సంగతి చెప్పాడు. ఆయన తొడ చరిచాడు.

"ఇంత మాత్రానికేనా బావా! పెద్ద బొచ్చె చేప చేదుతిత్తి పచ్చిది ఒక్కటి మింగు. బెల్లం ముక్కలో పెట్టి మింగితే చేదు గూడా తెల్దు. మూడు దినాల్లో పొర కరిగి నీళ్లయిపోతాది. మా కాలవ కాడ అందరూ చేసేదే!"

అత్త పొయ్యి దగ్గర నుంచి గరిటెతో పాటే వచ్చేసింది. "నా తోడబుట్టినోన్ని అట్లే తిన్యారు మీ మందులోళ్లు! ఈ ఇంట్లో ఆ మాట ఇంగొకతూరి ఎత్తితే అన్నం పెట్టను!" అంది. ఆయన నోరు మూసుకున్నాడు. మామ మాత్రం ఆ రాత్రి ఆయన మంచం పక్కనే తన మంచం వేయించుకున్నాడు.

వారం తిరక్కముందే బద్వేలు నుంచి కబురొచ్చింది, మా ఆడబిడ్డకు నొప్పులని. అత్త పోక తప్పదు. అదే వారం చెరువు అడుగంటింది. తూము ముందర ఒక్క మడుగు మిగిలింది. అట్లా మిగిలిన రోజు ఊరు ఊరంతా గంపలతో దిగి చేపలు పట్టుకుంటుంది. దొరికినవాటిలో అన్నిటికంటే పెద్ద చేప నీరుగంటి ఇంటికి రావాలని మా ఊరి కట్టుబాటు. ఏడాదంతా నీళ్లు కాచిన చేతికి అది మర్యాద. ఆ కూరలో నుంచి తూము పక్క మడులున్న ఐదిళ్లకు మేము గిన్నెలు పంపాలి.

అత్త బండి ఎక్కబోతూ నన్ను పక్కకు పిలిచింది.

"పెద్ద చేప వస్తాది. నీ మామ మనసు నాకు తెల్సు. ఆ తిత్తి ఆయన చేతికి పోగూడదు. నీదే బారం."

"ఆయప్పతో నేను మాట్లాడేదే లేదు గదత్తా! అడిగితే ఎట్ల లేదనేది?"

"ఎట్లనో నాకు తెల్దు మే. నేను తిరిగొచ్చేతలికి మనిషి ఉండాల," అని బండి ఎక్కింది.

మర్నాడు పొద్దు బారెడెక్కేసరికి చేప వచ్చింది. బొచ్చె. నా మొగుడు భుజాన వేసుకొని వస్తే తోక ఆయన నడుము దాకా ఉంది. ఇంకా మొప్పలు ఆడిస్తూనే ఉంది. దించేసి ఆయన మళ్లీ మడుగుకు పోయాడు. నేను కత్తిపీట వేసుకొని, బూడిద చాట పక్కన పెట్టుకొని, పొలుసు గీకడం మొదలుపెట్టాను. తల ఎత్తి చూస్తే ఎదురుగా ఇద్దరు. మా మామ, నందికొట్కూరు మామ. ఆయన చేతిలో బెల్లం ముక్క, చెంబుతో నీళ్లు.

మా మామ మేక వైపు తిరిగాడు. "మేకమ్మా, ఆ చేదుతిత్తి పగలకుండా తీసి ఆకులో పెట్టమని సెప్పు."

గొంతులో అధికారం లేదు. అడుక్కున్నట్టుంది. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది. కండ్లు పోతే తూము పోతుంది, తూము పోతే తాను దేనికీ పనికిరానని ఆ మనిషి భయం. మా అత్త భయం ఇంకొకటి. ఇద్దరి భయాలూ నా చేతిలో ఉన్న ఆ చేప పొట్టలో ఉన్నాయి.

నేనూ మేకతోనే అన్నాను. "మేకా, అది మంచిది గాదని అత్త సెప్పిందని సెప్పు."

"అత్త లేదు గదా!" అని నందికొట్కూరు మామ మధ్యలో దూరాడు. "నువ్వు తియ్యి కోడలా. నీ సెయ్యి సానా పనితనమంట గదా. తియ్యి, సూస్తాం."

మా మామ గొంతుక్కూర్చొని చేయి చాపాడు. ఇక మేకతో చెప్పడానికి మాటలు లేవు. మామ అడిగితే కోడలు కాదనడమన్నది నేను విన్న పద్ధతి కాదు. పొట్ట కోశాను. తిత్తి కనపడింది, నిండు ఉసిరికాయంత, పచ్చగా నిగనిగలాడుతూ. కార్జాన్ని ఎత్తాను. ఎప్పట్లాగే వేలి కొన పెట్టాను. పెట్టినదాన్ని తిప్పి, బొటనవేలి గోరు దించేశాను.

పసరు చిమ్మింది. పొట్టంతా, నా ముంజేయంతా ఆకుపచ్చ.

"అయ్యయ్యయ్యో!" నందికొట్కూరు మామ ఎగిరి లేచాడు. "పగలగొట్టె! ఇంత పెద్ద చేప! పడమటి నుంచి పిల్లను తెచ్చుకుంటే ఇంతే బావా! ఎండుచేపలు ఏరే వేళ్లకు చేప తిత్తి ఏం తెలుస్తాది?" అని, అంతలోనే మళ్లీ కూర్చొని, "ఉండు ఉండు, ఆడ ఇంగా రవ్వంత ఉండాది, ఆకుతో తీస్తే..." అని చేయి పెట్టబోయాడు.

నేను చాటలో బూడిద మొత్తం ఎత్తి చేప పొట్టలో కుమ్మరించాను. ఆ దుమ్ముకు ఆయన దగ్గుతూ వెనక్కి పడ్డాడు.

మా మామ చాపిన చేయి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. "మేకమ్మా, పోతే పోయిందిలే. సెయ్యి బాగా కడుక్కోమని సెప్పు," అని లేచి కట్ట వైపు పోయాడు.

ఏడుస్తూనే పని చేశాను. పసరు తగిలిన పొట్ట భాగమంతా కోసి తీసేశాను. ఊరిచ్చిన పెద్ద చేప అని చూడలేదు, మంచి మాంసమని చూడలేదు. బూడిదతో సహా గుంతలో వేసి రాయి పెట్టాను. తల వైపూ తోక వైపూ శుభ్రంగా ఉన్న ముక్కలు మాత్రం ఉప్పు వేసి, చింతపండు నీళ్లు పోసి, మూడుసార్లు కడిగాను. కత్తిపీట తోమాను. అప్పుడు కూర వండాను. అయితే కూర సగమే అయింది. ఐదిళ్లకూ గిన్నెల్లో సగం సగమే పంపాల్సి వచ్చింది. బావి దగ్గర ఇక నన్ను వదిలారా?

"ఏమ్మే, మీ నీరుగంటి చేప ఈ ఏడు సగమే పుట్టిందా?"

"పొట్ట లేకుండా పుట్టిందంట వదినా! పడమటి చేప!"

నేను బిందె ముంచుకొని వచ్చేశాను. చెప్పుకోవడానికి లేదు. చెబితే మామ కండ్ల సంగతి కూడా చెప్పాలి.

నాలుగో రోజు అత్త వచ్చింది, మనవరాలు పుట్టిందన్న సంతోషంతో. ఊరి మొదట్లోనే బండి ఆపి ఎవరో చెప్పేశారట, నీ కోడలు పెద్ద చేపను చేదు చేసిందని. ఇంట్లోకి వస్తూనే ముందు మామను చూసింది. ఆయన వసారాలో కూర్చొని మోకు పేనుకుంటున్నాడు. అప్పుడు నా దగ్గరకొచ్చి నా కుడిచేయి పట్టుకొని బొటనవేలు తిప్పి చూసింది. గోటి అంచున ఇంకా పచ్చన పోలేదు.

"ఈ గోరేనా?" అంది.

తలూపాను. అత్త ఆ పూట నన్ను పొయ్యి దగ్గరికి రానియ్యకుండా తానే వండి, తానే పెట్టింది. సంగటి ముద్దలో నెయ్యి గుంట ఎంత పెద్దగా చేసిందంటే, నా మొగుడు తన ముద్ద వంకా నా ముద్ద వంకా మార్చి మార్చి చూశాడు.

తినడాలయ్యాక నందికొట్కూరు మామను నిలబెట్టి అడిగింది. ఆయన ఇంకా మా ఇంట్లోనే ఉన్నాడు.

"ఏమప్పా, ఆ తిత్తి నువ్వెప్పుడన్నా మింగినావా?"

"నేనా? నాకు కండ్లు బాగానే కనపడ్తాయి గదక్కా."

"మింగినోన్ని సూసినావా?"

"సూసినా! మా ఈదిలో ఒకాయన మింగినాడు."

"ఆయప్ప ఇప్పుడు యాడుండాడు?"

నందికొట్కూరు మామ తలగుడ్డ సవరించుకున్నాడు. "ఆయప్ప... పోయినాడులే. అది వేరే జబ్బంట. ఒళ్లు ఉబ్బి..."

అని ఆగిపోయాడు. తాను ఏం చెబుతున్నాడో ఆయనకే అప్పుడు వినిపించినట్టుంది. వసారాలో మోకు పేనే చప్పుడు ఆగింది. మా మామ లేచి లోపలికొచ్చి, ఎవరి వంకా చూడకుండా అన్నాడు. "రేపు బండి కట్టమను. ఆసుపత్రికి పోదాం."

ఆసుపత్రిలో కంటి పొర తీశారు. తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి, కదలకూడదని పండబెట్టారట. కదిలితే అత్త ఊరుకుంటుందా? ఊళ్లో మేము ఏ కథా అల్లనక్కర లేకపోయింది. ఎండాకాలం, చెరువులో నీళ్లే లేవు, నీరుగంటి ఎక్కడికి పోయాడని ఎవరూ అడగలేదు. తొలకరి వానలకు ఆయన సీసా అడుగంత మందం కంటద్దాలతో తిరిగొచ్చాడు. వాకిట్లో నిలబడి అన్నీ చూశాడు. చూరు చూశాడు, గుంజను చూశాడు. మేక దగ్గర ఆగిపోయాడు.

"ఇదేందే, ఈ మేక ఇంత ముసిల్దైపోయినాది!" అన్నాడు. అందరం పడీ పడీ నవ్వాం.

అద్దాలు చూసి ఊళ్లో నాలుగు రోజులు గుసగుసలాడారు. చెరువు నిండాక, తూము రాతి మీది గీతలు కట్ట మీద నుంచే చదివి చెప్పేసరికి అవీ ఆగిపోయాయి.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. మళ్లీ మడుగు దిగారు. ఈసారి పెద్ద చేపను మామ తానే మోసుకొచ్చి నా కత్తిపీట ముందర దించాడు. అత్త పక్కనే చింతపండు పిసుకుతోంది. మామ మేక వైపు తిరగలేదు.

"అమ్మీ," అన్నాడు.

నేను ఉలిక్కిపడి లేవబోయాను.

"కూసో కూసో. పోయిన ఏడు ఆ తిత్తి ఎట్ల పగిలెనో నాకు తెలుసు. ఏడాది పొడుగునా ఒక్కటీ పగలగొట్టని సెయ్యి ఆ పొద్దే పగలగొడితే తెల్దా? కండ్లు పోతాండె గాని, బుద్ది పోలేదు గదా. ఆ పొద్దు శానా కోపమొచ్చింది. కట్ట మీద కూసుంటే కోపం పాయ."

అత్త తల వంచుకొని నవ్వుకుంటోంది. మామ ఇంకా దగ్గరకొచ్చి, కొత్త అద్దాల్లో నుంచి చేప పొట్టలోకి వంగి చూస్తున్నాడు. ఆయన నీడ పడి నాకు ఏమీ కనపడటం లేదు.

"రవ్వంత జరుగు మామా, ఎలుతురుకు అడ్డమొస్తాండావు," అన్నాను.

ఆయనతో నేను నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. ఆయన వెంటనే జరిగాడు. కార్జం ఎత్తి, వేలి కొనతో నరం తెంపాను. తిత్తి తిత్తిగా నా అరచేతిలోకి వచ్చింది. అది పట్టుకొని తల ఎత్తేసరికి, మామ పెరట్లో పార తీసుకొని గుంత తవ్వుతున్నాడు.